తల్లి నుంచి బిడ్డకు వైరస్ చేరే మూడు దారులు: అవి ఎలా తెలిశాయి, ఎలా మూశారు



పొదుపులు, అప్పులు, వసూళ్ళ లెక్కల తర్వాత ఈ సంపుటిలో ఆరోగ్యానికి కొన్ని పేజీలు పెట్టుకున్నాం. సంఘం మీటింగుల్లో గర్భిణుల మాట వచ్చినప్పుడల్లా రెండు ప్రశ్నలు వస్తుంటాయి. "మా కోడలికి ఏ జబ్బూ లేదు కదా, అన్ని రక్తపరీక్షలు ఎందుకు?" అనేది ఒకటి. "పుట్టి ఒక్క రోజు కూడా కాలేదు, పసిగుడ్డుకి అప్పుడే సూదా?" అనేది రెండోది. ఈ రెండింటికీ జవాబు ఎనభై ఏళ్ళ చరిత్రలో ఉంది. ఆ చరిత్రలో పెద్ద డాక్టర్లున్నారు, పెద్ద దేశాలున్నాయి. వాళ్ళతో పాటు ఆసుపత్రి వరండాలో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మామూలు తల్లులూ ఉన్నారు. అందుకే దాన్ని మనం తెలుసుకోవాలి.

వైరస్ అంటే కంటికి కనిపించని అతి చిన్న క్రిమి. మన శరీరంలోని కణంలోకి దూరితే తప్ప అది పెరగలేదు. తల్లి ఒంట్లో ఉన్న వైరస్ బిడ్డకు చేరడానికి మూడు దారులున్నాయి. కడుపులో ఉండగా మాయ ద్వారా పోవచ్చు. కాన్పు సమయంలో రక్తం, ఉమ్మనీరు తగిలి పోవచ్చు. పుట్టాక తల్లిపాల ద్వారా పోవచ్చు. కొన్ని వైరస్‌లకు ఒక దారే ముఖ్యం, కొన్నిటికి మూడూ తెరిచే ఉంటాయి. ఏ వైరస్ ఏ దారిలో పోతుందో తెలిస్తేనే ఎక్కడ కాపలా పెట్టాలో తెలుస్తుంది. ఒక్కో దారి ఎలా బయటపడిందో చూద్దాం.

మొదటి దారి: కడుపులో

మన వైపు బిడ్డ ఏదైనా లోపంతో పుడితే, గ్రహణం రోజు తల్లి బయటికొచ్చిందంటారు. కత్తిపీట ముట్టుకుందంటారు. మొత్తానికి తప్పు తల్లి మీదికే వస్తుంది. ఇతర దేశాల్లోనూ ఒకప్పుడు ఇంతే. బిడ్డకు పుట్టుకతో వచ్చే లోపాలన్నీ వంశంలోంచి వచ్చేవేనని డాక్టర్లు కూడా నమ్మేవారు.

1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు దగ్గరికి కంట్లో తెల్లటి శుక్లాలతో పుట్టిన పసిపిల్లలు ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలైంది. శుక్లాలు ముసలితనంలో వచ్చేవి. ఇంతమంది పసివాళ్ళకు ఒకేసారి ఎందుకొచ్చాయని ఆయన ఆలోచనలో పడ్డాడు. ఆయన గది బయట కూర్చున్న ఇద్దరు తల్లులు, కడుపుతో ఉన్నప్పుడు తమకు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయని మాట్లాడుకుంటుంటే ఆయన చెవిన పడిందని చెబుతారు. ఆ మాటను ఆయన కొట్టిపారేయలేదు. మిగతా తల్లుల్నీ అడిగాడు, తోటి డాక్టర్లకు రాసి వాళ్ళ దగ్గరి వివరాలూ తెప్పించాడు. మొత్తం 78 మంది బిడ్డల వివరాలు పోగయ్యాయి. వాళ్ళలో 68 మంది తల్లులకు గర్భంతో ఉండగా రుబెల్లా వచ్చి పోయింది. ఎక్కువ మందికి మొదటి నెలల్లోనే వచ్చింది.

రుబెల్లా అంటే తట్టు లాంటిదే, అంతకన్నా తేలికైనది. మూడు రోజులు ఎర్రటి దద్దుర్లు, కొంచెం జ్వరం, తర్వాత పోతుంది. తల్లికి అది అంత చిన్న జబ్బు. కానీ మొదటి మూడు నెలల్లో వస్తే వైరస్ మాయను దాటి బిడ్డకు చేరుతుంది. కళ్ళు, చెవులు, గుండె తయారయ్యే కాలం అదే. బిడ్డ చూపు లేకుండానో, వినికిడి లేకుండానో, గుండెలో రంధ్రంతోనో పుట్టే ప్రమాదం చాలా ఎక్కువ.

గ్రెగ్ చెప్పింది మొదట్లో చాలామంది నమ్మలేదు. ఇంత చిన్న జబ్బు ఇంత చేటు చేస్తుందా అన్నారు. 1964-65లో అమెరికాలో రుబెల్లా పెద్ద ఎత్తున వ్యాపించి దాదాపు 1.25 కోట్ల మందికి సోకింది. సుమారు 20,000 మంది బిడ్డలు లోపాలతో పుట్టారు. అప్పటికి అనుమానాలన్నీ పోయాయి. 1969లో అక్కడ టీకా వచ్చింది. 2015లో ఉత్తర, దక్షిణ అమెరికా దేశాలన్నిటిలో రుబెల్లా స్థానికంగా వ్యాపించడం ఆగిపోయిందని ప్రకటించారు.

మన దేశంలో తట్టు, రుబెల్లా రెండిటికీ కలిపి వేసే ఎంఆర్ టీకా కార్యక్రమం 2017లో మొదలైంది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్లో, అంగన్‌వాడీల్లో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ఈ టీకా వేశారు. మగపిల్లలకు ఎందుకని అప్పుడు చాలామంది తల్లులు అడిగారు. మగపిల్లవాడు ఆ జబ్బును ఇంటికి తెస్తే, ఇంట్లో ఉన్న గర్భిణికి అంటుకుంటుంది. అందుకే అందరికీ. ఈ టీకాను గర్భంతో ఉన్నప్పుడు వేయరు. ఈ దారిలో కాపలా గర్భం రాకముందే, చిన్నతనంలోనే పెట్టాలి.

రెండో దారి: కాన్పులో

పచ్చకామెర్లు అనగానే మనకు పసరు మందు గుర్తొస్తుంది. కామెర్లకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో హెపటైటిస్-బి అనే వైరస్ ఒకటి. దీని జాడను మొదట కనిపెట్టింది అమెరికా శాస్త్రవేత్త బారుక్ బ్లంబర్గ్. 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో ఆయనకు ఆ జాడ దొరికింది. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వైరస్ తల్లి నుంచి బిడ్డకు పోయే తీరు తైవాన్‌లో తేలింది. అక్కడ పెద్దవాళ్ళలో నూటికి పదిహేను, ఇరవై మంది రక్తంలో ఈ వైరస్ ఉండేది. లివర్ క్యాన్సర్ కూడా చాలా ఎక్కువ. 1970లలో పామర్ బీస్లీ, క్లాడ్ స్టీవెన్స్ అనే డాక్టర్లు, స్థానిక డాక్టర్లు, నర్సులు కలిసి గర్భిణుల రక్తం పరీక్షించి, పుట్టిన బిడ్డలను నెలల తరబడి వెంబడి చూశారు. వైరస్ ఉన్న తల్లుల బిడ్డల్లో చాలామందికి అది వస్తోంది. ఎక్కువ మందికి కడుపులో ఉండగా రావడం లేదు. కాన్పు సమయంలో తల్లి రక్తం తగిలి వస్తోంది.

వాళ్ళకు ఇంకో సంగతి కూడా తెలిసింది. ఇదే వైరస్ పెద్దవాళ్ళకు సోకితే, నూటికి తొంభై అయిదు మంది కొన్ని నెలల్లో దాన్ని ఒంట్లోంచి తరిమేస్తారు. పుట్టినప్పుడే సోకితే లెక్క తిరగబడుతుంది. నూటికి తొంభై మంది పిల్లల్లో అది ఎప్పటికీ ఉండిపోతుంది. పసివాడి ఒంటికి అది శత్రువని గుర్తుపట్టే శక్తి ఇంకా రాలేదు కాబట్టి అలా జరుగుతుంది. ఆ బిడ్డకు కామెర్లు కనిపించవు, జ్వరం రాదు, బాగానే పెరుగుతాడు. ముప్పై, నలభై ఏళ్ళు వచ్చాక లివర్ గట్టిపడడమో, క్యాన్సరో బయటపడుతుంది. బీస్లీ బృందం తైవాన్‌లో 22,707 మంది మగవాళ్ళను కొన్నేళ్ళు గమనించింది. లివర్ క్యాన్సర్‌తో చనిపోయిన 41 మందిలో 40 మంది ఈ వైరస్ ఉన్నవాళ్ళే.

కాన్పులోనే సోకుతుందంటే, కాన్పు అయిన వెంటనే అడ్డుకోవచ్చని అర్థం. సూది మొదటి రోజే ఎందుకని అడిగినవాళ్ళకు జవాబు ఇదే. వైరస్ బిడ్డ లివర్‌లో పాతుకుపోకముందే టీకా పని మొదలుపెట్టాలి. 24 గంటల లోపు వేస్తే చాలా వరకు ఆగుతుంది. ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది.

తైవాన్ 1984లో వైరస్ ఉన్న తల్లుల బిడ్డలకు, 1986 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ టీకా వేసింది. దేశమంతటా ఇలా వేయడం ప్రపంచంలో అదే మొదలు. పదేళ్ళు గడిచాక చాంగ్ మెయ్-హ్వెయ్ అనే పిల్లల డాక్టరమ్మ బృందం లెక్కలు తీస్తే, పిల్లల్లో లివర్ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గిందని తేలింది. క్యాన్సర్‌ను టీకాతో ఆపవచ్చని ప్రపంచానికి అప్పుడు తెలిసింది.

అప్పట్లో ఈ టీకా మన దేశానికి బయటి నుంచి వచ్చేది. ఒక్క డోసు ఖరీదు వందల రూపాయల్లో ఉండేది. కూలి చేసుకునే ఇంట్లో మూడు డోసులు కొనడం కుదిరే పని కాదు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఇదే టీకాను ఇక్కడే తయారుచేసి అందులో చిన్న వంతు ధరకు తెచ్చింది. ఆ సంస్థ పెట్టిన వరప్రసాద్ రెడ్డి దానికి తన తల్లి పేరు పెట్టుకున్నారు. తర్వాత మరికొన్ని కంపెనీలు రావడంతో ధర ఇంకా దిగింది. 2011 నాటికి దేశమంతటా ప్రభుత్వ టీకాల పట్టికలో ఇది చేరింది. తైవాన్‌లో మొదలైన పాతికేళ్ళ తర్వాత మన పల్లెల్లో అందరికీ అందింది.

మూడో దారి: పాలలో

హెచ్ఐవి వచ్చేసరికి పరిస్థితి ఇంకా కష్టమైంది. దీనికి మూడు దారులూ తెరిచే ఉంటాయి. 1982 చివర్లో అమెరికాలో పసిపిల్లల్లో కూడా ఎయిడ్స్ లాంటి జబ్బు కనిపిస్తోందని నివేదిక వచ్చింది. వైరస్‌ను ఫ్రాన్స్‌లో 1983లో కనిపెట్టారు. 1985లో ఆస్ట్రేలియా నుంచి ఒక కేసు బయటికొచ్చింది. కాన్పు అయ్యాక ఒక తల్లికి రక్తం ఎక్కించారు. ఆ రక్తంలో హెచ్ఐవి ఉంది. ఆమె పాలు తాగిన బిడ్డకూ అది వచ్చింది. బిడ్డ పుట్టినప్పుడు తల్లికి జబ్బే లేదు కాబట్టి, పాలలో నుంచే వచ్చిందని తేలిపోయింది.

మన దేశంలో 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల కలిసి మొదటిసారి హెచ్ఐవిని గుర్తించారు. 2000 తర్వాతి మొదటి ఏళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో నూటికి ఒకరి కంటే ఎక్కువ మందికి ఈ వైరస్ ఉండేది. వాళ్ళలో ఎక్కువ మంది భర్త తప్ప వేరే మగవాణ్ణి ఎరగని ఇల్లాళ్ళు. గర్భిణిగా పరీక్ష చేయించుకుంది కాబట్టి ఇంట్లో మొదట ఆమె జబ్బే బయటపడేది. మొదట బయటపడింది కాబట్టి ఆమే తెచ్చిందనేవారు. పరీక్షలో ముందు తెలిసినంత మాత్రాన జబ్బు ముందు ఆమెకే వచ్చినట్టు కాదు. ఈ మాట ఇవాళ్టికీ మన ఊళ్ళలో గట్టిగా చెప్పుకోవాల్సిందే.

ఏ మందూ వాడకపోయినా హెచ్ఐవి ఉన్న తల్లులందరి బిడ్డలకూ అది రాదు. పాలు కూడా తాగితే నూటికి 15 నుంచి 45 మందికి వస్తుంది. 1994లో అమెరికా, ఫ్రాన్స్ దేశాల్లో జరిగిన పరీక్షలో, ఏజెడ్‌టి అనే మందును గర్భంలో, కాన్పులో తల్లికీ, పుట్టాక ఆరు వారాలు బిడ్డకూ ఇస్తే, నూటికి ఇరవై అయిదు నుంచి ఎనిమిదికి పడిపోయింది. కానీ ఆ మందు ఖరీదు, వాడే పద్ధతి పేద దేశాలకు అందేవి కావు. 1999లో ఉగాండాలోని కంపాలాలో నెవిరపిన్ అనే మందును పరీక్షించారు. నొప్పులు మొదలయ్యాక తల్లికి ఒక్క మాత్ర, పుట్టిన మూడు రోజుల్లో బిడ్డకు ఒక్క డోసు. దానితోనే, కొద్దిరోజులే ఏజెడ్‌టి వాడిన వాళ్ళతో పోలిస్తే, జబ్బు సోకే బిడ్డలు దాదాపు సగం తగ్గారు.

ఇక పాల సంగతి. పాలలో వైరస్ ఉంటే పాలు మానిపించి డబ్బాపాలు పట్టమన్నారు. శుభ్రమైన నీళ్ళు, డబ్బులు ఉన్నచోట అది సరిపోయింది. లేనిచోట బిడ్డలు విరేచనాలతో చనిపోయారు. 2006లో బోట్స్వానాలో భారీ వర్షాల తర్వాత అలాగే జరిగింది. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో అన్నా కుట్సూడిస్ బృందం 1999లో ఒక కొత్త సంగతి చెప్పింది. తల్లిపాలు మాత్రమే తాగిన బిడ్డల కంటే, తల్లిపాలతో పాటు నీళ్ళు, ఇతర పాలు, జావలు కలిపి పట్టిన బిడ్డలకే హెచ్ఐవి ఎక్కువగా సోకింది. బయటి ఆహారం పసివాడి పేగు పొరను దెబ్బతీసి, వైరస్‌కు దారి ఇస్తుందని భావిస్తున్నారు. మన ఇళ్ళలో పుట్టగానే తేనె నాకించడం, చక్కెర నీళ్ళు పట్టడం ఉంది కదా. ఏ బిడ్డకైనా అది మంచిది కాదు. ఇలాంటి బిడ్డకు మరీ చేటు.

మందు ఉన్నా అందని రోజులు

దక్షిణాఫ్రికాలో అప్పుడు హెచ్ఐవి ఉన్న గర్భిణులు లక్షల్లో ఉన్నారు. నెవిరపిన్ తయారుచేసే కంపెనీ పేద దేశాలకు కొన్నేళ్ళు ఉచితంగా ఇస్తానంది. అయినా అక్కడి ప్రభుత్వం ప్రతి రాష్ట్రంలో రెండు చోట్ల మాత్రమే ఇస్తామని, మిగతా ఆసుపత్రుల్లో ఇవ్వకూడదని పట్టుబట్టింది. డాక్టరు ఉన్నాడు, మందు ఉంది, తల్లి నొప్పులు పడుతోంది, కానీ ఇవ్వడానికి అనుమతి లేదు.

తల్లి నుంచే హెచ్ఐవి వచ్చిన ఎన్‌కోసీ జాన్సన్ అనే పదకొండేళ్ళ బాబు 2000లో డర్బన్‌లో జరిగిన ప్రపంచ ఎయిడ్స్ సభలో లేచి, గర్భిణులకు ఈ మందు ఇవ్వమని అడిగాడు. మరుసటి ఏడాది చనిపోయాడు. ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే సంస్థ కోర్టుకు వెళ్ళింది. హెచ్ఐవి ఉన్న ఆడవాళ్ళు ముఖం దాచుకోకుండా, "హెచ్ఐవి పాజిటివ్" అని రాసి ఉన్న చొక్కాలు తొడుక్కుని రోడ్ల మీద ఊరేగింపులు తీశారు. 2002 జులైలో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో డాక్టరు అవసరమన్న ప్రతిచోటా ఆ మందు ఇవ్వాల్సిందేనంది.

మన దేశంలో అదే 2002లో తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవి సోకకుండా ఆపే కార్యక్రమం మొదలైంది. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఏఆర్‌టి మందులు ఉచితంగా ఇస్తోంది. 2014 నుంచి హెచ్ఐవి ఉన్న ప్రతి గర్భిణికీ ఒక్క మాత్రతో సరిపెట్టకుండా, జీవితాంతం వాడే మందులు వెంటనే మొదలుపెడుతున్నారు. దానివల్ల బిడ్డతో పాటు తల్లీ బతుకుతుంది. బిడ్డ కోసమే తల్లికి మందు అనే పాత పద్ధతి అక్కడితో పోయింది. ఈ మందుల్లో చాలా భాగం హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో తయారవుతుంది, ఆఫ్రికా దేశాలకు కూడా ఇక్కడి నుంచి వెళ్తుంది.

మందులు సరిగా వాడితే, పాలిచ్చే తల్లుల్లో కూడా నూటికి అయిదుగురి కంటే తక్కువ మంది బిడ్డలకే సోకుతుంది. 2015లో క్యూబా, 2016లో థాయ్‌లాండ్, 2019లో మన పక్కనున్న శ్రీలంక ఈ దారిని మూసేశాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. పక్క దేశం చేయగలిగింది మనమూ చేయగలం.

మన సంఘాలు చేయాల్సిన పని

ఈ చరిత్ర పొడుగునా టీకా, మందు ముందు పుట్టాయి. అవి అవసరమైన తల్లికి చేరడానికి పదేళ్ళు, పాతికేళ్ళు పట్టింది. ఇప్పుడు అవి మన ఆసుపత్రి దాకా వచ్చాయి. ఆసుపత్రి నుంచి మన గడప దాకా ఉన్న దూరం మన సంఘాలు చూసుకోవాలి.

గర్భం అని తెలియగానే మూడో నెల లోపే పేరు నమోదు చేయించి, హెచ్ఐవి, హెపటైటిస్-బి పరీక్షలు చేయించాలి. ఒంట్లో బాగుంది కదా అని ఆగకూడదు. ఈ రెండు వైరస్‌లూ ఏళ్ళ తరబడి బయటికి కనబడవు. హెచ్ఐవి పరీక్ష ఆమెకు చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే చేయాలి. ఫలితం ఆమెదే. 2017లో వచ్చిన హెచ్ఐవి చట్టం ప్రకారం దాన్ని బయటపెట్టకూడదు. మీటింగులో, బావి దగ్గర, ఎక్కడా ఆ మాట రాకూడదు. భర్తనూ పరీక్షకు తీసుకెళ్ళాలి. సందేహాలుంటే 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి అడగొచ్చు.

హెపటైటిస్-బి ఉందని తేలితే ముందే చెప్పి, పెద్ద ఆసుపత్రిలో కాన్పు చేయించాలి. ఆ బిడ్డకు టీకాతో పాటు హెచ్‌బిఐజి అనే ఇంకో ఇంజెక్షన్ కూడా పుట్టగానే కావాలి. పాలు మాన్పించనక్కర్లేదు. తల్లికి వైరస్ ఉన్నా లేకున్నా పుట్టిన ప్రతి బిడ్డకూ 24 గంటల లోపు టీకా పడాలి. ఆదివారం పుట్టినా, పండగ రోజు పుట్టినా పడాలి. ఆ తర్వాత 6, 10, 14 వారాల డోసులు వదలకూడదు. తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్ టీకా, మళ్ళీ 16-24 నెలల మధ్య రెండో డోసు.

హెచ్ఐవి ఉన్న తల్లి మందులు ఒక్క పూట కూడా మానకుండా, ఆరు నెలలు తన పాలు మాత్రమే ఇవ్వొచ్చు. బిడ్డకు ఆరో వారంలో రక్తపరీక్ష ఉంటుంది. చివరి పరీక్ష పద్దెనిమిది నెలలకు. తల్లి నుంచి వచ్చిన రక్షణ పదార్థాలు అప్పటి దాకా బిడ్డ రక్తంలో ఉండొచ్చు, అందువల్ల అంతకు ముందు మామూలు పరీక్షలో పాజిటివ్ వచ్చినా బిడ్డకు జబ్బు ఉన్నట్టు కాదు. ఈ పద్దెనిమిది నెలల్లో చాలామంది తల్లులు భయపడో, సిగ్గుపడో ఆసుపత్రికి రావడం మానేస్తారు. తోడుగా ఒక్క మనిషి ఉంటే మానరు.

చివరగా మన ఆచారంలోంచి వచ్చే ఒక చిక్కు. తొలి కాన్పుకు పిల్ల ఏడో నెలలో పుట్టింటికి పోతుంది. పరీక్షలు అత్తగారి ఊళ్ళో జరుగుతాయి, కాన్పు పుట్టింటి ఊళ్ళో జరుగుతుంది. తల్లీబిడ్డల కార్డు అత్తగారింట్లో బీరువాలో ఉండిపోతే, అక్కడి నర్సుకు ఏమీ తెలియదు. చీర, గాజులు, పండ్లతో పాటు ఆ కార్డు కూడా సంచిలో పెట్టి పంపుదాం. ఇక్కడి ఆశా కార్యకర్త చేత అక్కడి ఆశా కార్యకర్తకు ఒక ఫోన్ చేయిద్దాం. ఖర్చు లేని పని. వచ్చే ఏడాది ప్రతి గ్రామ సంఘం తన తీర్మానాల పుస్తకంలో ఈ పనిని మొదటి పేజీలో రాసుకోవాలని కోరుతున్నాం.